ఆంప్లిఫైయర్ కొన్నారు సరే.. పెట్టేదెక్కడ? స్టీరియో ర్యాక్‌కి ఏ చెక్క, ఏ రాయి, ఏ ఇనుము మేలంటే..

వేలకు వేలు పోసి ఆంప్లిఫైయర్ కొంటారు. స్పీకర్లు కొంటారు. తాతగారి నాటి ఎల్‌పీ రికార్డులు అటక మీంచి దింపి, వాటి కోసం టర్న్‌టేబుల్ కూడా తెస్తారు. చివరికి వీటన్నింటినీ ఎక్కడ పెడతారు? హాల్లో టీవీ కింద, గ్లాస్ డోర్ వేసిన అరలో! అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పాట మధ్యలో ఆంప్లిఫైయర్ దానంతట అదే ఆగిపోతుంది. కాసేపయ్యాక మళ్లీ పలుకుతుంది. మెకానిక్‌ని పిలిస్తే "ఇందులో ఏ లోపమూ లేదండీ" అంటాడు. నిజమే.. లోపం ఆంప్లిఫైయర్‌లో లేదు, దాన్ని పెట్టిన చోటులో ఉంది.

స్టీరియో ర్యాక్ అనగానే చాలామంది అందం చూస్తారు. ఇంకొందరు 'ఈ ర్యాక్ మీద పెడితే సౌండే మారిపోతుంది' అన్న ప్రకటనలు చూసి భారీగా ఖర్చు పెడతారు. ఈ రెండూ కాకుండా ర్యాక్ విషయంలో నిజంగా చూడాల్సినవి ఏంటి? మన ఇళ్లకు, మన ఎండలకు, మన నేలకు ఏ మెటీరియల్ సరిపోతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ర్యాక్ చేయాల్సిన పనులు మూడే

ఒకటి, బరువు మోయాలి. రెండు, వేడిని బయటికి పోనివ్వాలి. మూడు, టర్న్‌టేబుల్ ఉంటే దాన్ని కదలకుండా, సమతలంగా ఉంచాలి. అంతే!

మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్, సీడీ ప్లేయర్, బ్లూటూత్ రిసీవర్, స్ట్రీమర్.. వీటిని టేకు బల్ల మీద పెట్టినా, ఇనుప ర్యాక్‌లో పెట్టినా వినిపించే పాటలో తేడా రాదు. ఎందుకంటే వాటిలో పాట విద్యుత్ సంకేతంగా నడుస్తుంది. కింద ఉన్న చెక్క జాతితో దానికి పని లేదు. టర్న్‌టేబుల్ సంగతి మాత్రం పూర్తిగా వేరు. అది కదలికను పాటగా మార్చే యంత్రం. అందుకే ర్యాక్ మీద పెట్టే ఖర్చులో, శ్రద్ధలో ఎక్కువ వాటా టర్న్‌టేబుల్ ఉండే అరకే దక్కాలి. టర్న్‌టేబుల్ లేని ఇంట్లో ఆ డబ్బు మిగిలినట్టే.

వేడి.. మన ఇళ్లలో మొదటి శత్రువు

పాత వాల్వు రేడియోల వెనక భాగం గుర్తుందా? చెక్క పెట్టె ఎంత అందంగా ఉన్నా, వెనకవైపు మాత్రం వరసగా రంధ్రాలున్న అట్ట బిగించి ఉండేది. లోపలి వాల్వుల వేడి బయటికి పోవడానికే ఆ రంధ్రాలు. అప్పటి తయారీదారులు పాటించిన ఆ చిన్న సూత్రాన్ని ఇప్పటి టీవీ యూనిట్లు మర్చిపోయాయి. వెనక ప్లైవుడ్ మూసేస్తారు, ముందు అద్దం తలుపు పెడతారు. ఇక వేడి ఎటు పోవాలి?

ఆంప్లిఫైయర్ తీసుకునే కరెంటు అంతా పాటగా మారదు. మామూలు ఏబీ క్లాస్ ఆంప్లిఫైయర్‌లో మంచి వాటా వేడి రూపంలోనే పోతుంది. ఏ క్లాస్ అయితే పాట వినిపించకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపూ కాగుతూనే ఉంటుంది. వాల్వు ఆంప్లిఫైయర్ గాజు గొట్టాలను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. డీ క్లాస్ ఆంప్లిఫైయర్లు మాత్రం బాగా తక్కువ వేడెక్కుతాయి. అంటే, మూసిన అర తప్పదనుకునే వాళ్లు ఆంప్లిఫైయర్ ఎంచుకునేటప్పుడే ఈ సంగతి చూసుకోవాలన్నమాట.

వేడికి ముందుగా దెబ్బతినేవి లోపలుండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్ రంగంలో అందరూ వాడే లెక్క. రామగుండంలోనో, నంద్యాలలోనో బయట 44 డిగ్రీలు ఉన్న రోజున గదిలోనే 36, 37 డిగ్రీలు ఉంటుంది. మూసిన అరలో అది ఇంకా ఎంత పెరుగుతుందో ఊహించుకోవచ్చు. చల్లటి దేశంలో మూసిన అరలో బతికిపోయే ఆంప్లిఫైయర్ మన దగ్గర అలాగే బతుకుతుందని అనుకోలేం.

మరి ఏం చేయాలి?

- ఆంప్లిఫైయర్ పైన కనీసం 10 సెంటీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలు ఖాళీ ఉండాలి. ఇరుపక్కలా మూడేసి, నాలుగేసి సెంటీమీటర్లు వదలాలి. కొన్ని హోమ్ థియేటర్ రిసీవర్లకు ఇంకా ఎక్కువ కావాలి. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో రాసిన కొలతే ఆఖరి మాట.
- వేడి పైకి పోతుంది. కాబట్టి ఎక్కువ వేడెక్కేది పై అరల్లో ఉండాలి. ఆంప్లిఫైయర్ నెత్తిన సీడీ ప్లేయర్ పెట్టడం, దాని మీద సెట్ టాప్ బాక్స్ పెట్టడం, ఆ పైన లేసు గుడ్డ కప్పడం.. ఇవేవీ వద్దు.
- ర్యాక్ వెనక వైపు పూర్తిగా తెరిచే ఉంచాలి. గోడకు ఆనించకుండా మూడు, నాలుగు అంగుళాలు ముందుకు జరపాలి.
- ఇప్పటికే మూసిన టీవీ యూనిట్ ఉంటే పారేయనక్కర్లేదు. వెనక ప్లై విప్పేయాలి. అది కుదరకపోతే అర కింద కొన్ని, పైన కొన్ని రంధ్రాలు కోయించాలి. కింది నుంచి చల్లగాలి వస్తేనే పై నుంచి వేడిగాలి పోతుంది. ఒక్కచోటే రంధ్రం పెడితే సగం పనే అవుతుంది. ఇంకా చాలకపోతే కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి పై రంధ్రం దగ్గర, గాలిని బయటికి నెట్టేలా బిగిస్తే సరి. తక్కువ వేగంతో తిరిగితే దాని చప్పుడు కూడా వినపడదు.

ఆంప్లిఫైయర్ పై మూత మీద అరచెయ్యి పెట్టి కొన్ని సెకన్లు కూడా ఉంచలేకపోతే అక్కడ గాలి చాలడం లేదనే అర్థం. ఏ క్లాస్, వాల్వు ఆంప్లిఫైయర్లకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అవి ఎలాగూ కాగుతూనే ఉంటాయి కాబట్టి వాటికి పైకప్పు లేని అరే మంచిది.

కొలత తప్పితే ఖర్చు రెండింతలు

చెక్క గురించి ఆలోచించే ముందు టేప్ పట్టుకోవాలి. ఇంట్లో వాడే ఆంప్లిఫైయర్లు, సీడీ ప్లేయర్లు చాలావరకు 43 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. స్టూడియోల్లో, ఫంక్షన్ సౌండ్ సిస్టమ్‌లలో కనిపించే 19 అంగుళాల ఇనుప ర్యాక్ దీనికి వేరు. అందులో సామాన్ల చెవులు 48.26 సెంటీమీటర్ల వెడల్పున స్క్రూలతో బిగుస్తాయి. ఇంటి ఆంప్లిఫైయర్‌కి ఆ చెవులుండవు. కాబట్టి పాత సామాన్ల షాపులో అలాంటి ర్యాక్ చవగ్గా దొరికిందని కొనేస్తే విడిగా ట్రేలు కూడా కొనాల్సిందే.

వెడల్పు కంటే ఎక్కువ మంది పొరపాటు పడేది లోతు దగ్గర. టీవీ యూనిట్లు సాధారణంగా 35 నుంచి 40 సెంటీమీటర్ల లోతు ఉంటాయి. రిసీవర్ ఒక్కటే దాదాపు అంత ఉంటుంది. వెనక స్పీకర్ వైర్లు, పిన్నులు, ప్లగ్గులు కలిపితే ఇంకో ఐదారు సెంటీమీటర్లు కావాలి. అర లోతు తక్కువైతే వైర్లు విరిగినట్టు వంగుతాయి, లేదంటే ఆంప్లిఫైయర్ ముందు కాళ్లు అర అంచు మీదకొస్తాయి. అందుకే అర సైజు 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు పెట్టుకుంటే దాదాపు అన్ని సామాన్లూ హాయిగా ఇముడుతాయి.

టర్న్‌టేబుల్ ఉంటే అది పై అరలోనే ఉండాలి. మూత పైకి లేవడానికి దాదాపు ఒకటిన్నర అడుగు ఎత్తు కావాలి మరి. మధ్య అరలో పెడితే రికార్డు మార్చిన ప్రతిసారీ చెయ్యి ఇరుకున పడుతుంది. ముల్లు గీసుకుపోయే ప్రమాదం కూడా ఉంటుంది.

ప్లైవుడ్డా? పార్టికల్ బోర్డా? ఎండీఎఫ్ఫా?

షోరూముల్లో, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే యూనిట్లలో ఎక్కువ భాగం పార్టికల్ బోర్డే. చెక్క రజనును జిగురుతో కలిపి, ఒత్తి చేసిన బోర్డు ఇది. పైన నున్నటి పొర వేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, పొడిగా ఉన్నంతకాలం పనికొస్తుంది. కానీ దీనికి రెండు బలహీనతలు. మొదటిది నీళ్లు. రోజూ తడిగుడ్డ పెట్టి ఇల్లు తుడిచే మన ఇళ్లలో కింది అంచు తడిసి, బిస్కెట్‌లా ఉబ్బిపోతుంది. ఒకసారి ఉబ్బితే మళ్లీ అణగదు. రెండోది స్క్రూ పట్టు. ఒకటి రెండుసార్లు విప్పి బిగిస్తే రంధ్రం వదులైపోతుంది. ఇల్లు మారినప్పుడల్లా విప్పే వాళ్లకు ఇది పనికిరాదు.

ఎండీఎఫ్ ఇంకాస్త మెరుగు. సన్నటి పీచుతో చేస్తారు కాబట్టి కోత నున్నగా వస్తుంది, పెయింట్ బాగా పడుతుంది. బరువుగా ఉంటుంది. చాలా స్పీకర్ పెట్టెలు దీంతోనే తయారవుతాయి. కానీ అరగా వేస్తే ప్లైవుడ్ కంటే తొందరగా వంగుతుంది. బరువు నెలల తరబడి అలాగే ఉంటే ఆ వంపు నెమ్మదిగా పెరుగుతూనే పోతుంది. తేమ పడదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో దీన్ని వాడాలనుకుంటే అన్ని అంచులకూ పెయింట్ గానీ, ఎడ్జ్ బ్యాండింగ్ గానీ తప్పనిసరి.

మన పరిస్థితులకు ఎక్కువ నమ్మదగినది ప్లైవుడ్. పొరలు అడ్డంగా, నిలువుగా అతికించి చేస్తారు కాబట్టి పగలదు, స్క్రూని గట్టిగా పడుతుంది. కొనేటప్పుడు షీటు మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు నంబరు చూడాలి. ఐఎస్ 303 అంటే సాధారణ వాడకానికి. ఇందులో ఎంఆర్ గ్రేడ్ తేమను కొంత తట్టుకుంటుంది, బీడబ్ల్యూఆర్ గ్రేడ్ ఇంకా బాగా తట్టుకుంటుంది. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్. హాల్లో పెట్టే ర్యాక్‌కి బీడబ్ల్యూఆర్ చాలు. తీరం దగ్గర, లేదా గోడలకు చెమ్మ ఎక్కే ఇంట్లో అయితే మెరైన్ తీసుకోవచ్చు. అయితే ఒకమాట.. ఏ గ్రేడైనా చెదలు పట్టదని అనుకోకూడదు. చెదల మందు కలిపిన ప్లై కావాలని విడిగా అడగాలి, ర్యాక్ కాళ్లు నేల నుంచి నాలుగు అంగుళాల ఎత్తు ఉండేలా చేయించాలి. ఆ ఖాళీతో తడిగుడ్డ సమస్య, చెదల సమస్య రెండూ తగ్గుతాయి. ఊడ్చేటప్పుడు చీపురు కూడా లోపలికి పోతుంది.

ఇక టేకు. బలం, మన్నిక, చెదలను తట్టుకునే గుణం.. అన్నీ ఉన్న చెక్క. పాత తలుపులు, మంచం పట్టెలు ఇంట్లో మూలన పడి ఉంటే వాటితో చేయించిన ర్యాక్ మనవళ్ల దాకా ఉంటుంది. కొత్తగా కొని చేయించడం మాత్రం ఖర్చుతో కూడిన పని. దానివల్ల పాట తియ్యగా వస్తుందని మాత్రం ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. మామిడి చెక్క చవక, కానీ మందు పెట్టకపోతే పురుగు తొలిచి పుచ్చిపోతుంది. రబ్బర్ వుడ్ కూడా అంతే. మందు పట్టించి, బాగా ఆరబెట్టినదైతేనే తీసుకోవాలి.

మందం ఒక్కటే సగం జవాబు

ఏ చెక్క అన్నదాని కంటే ఎంత మందం అన్నదే అర వంగుతుందా లేదా అని తేలుస్తుంది. లెక్క చాలా సులువు. మందం రెట్టింపైతే అర గట్టిదనం 8 రెట్లు పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లై బదులు 18 మిల్లీమీటర్లది వేస్తే మూడు రెట్లకు పైనే లాభం. అలాగే అర పొడవు రెట్టింపు చేస్తే అదే బరువుకు వంపు 8 రెట్లు అవుతుంది. అంటే నాలుగడుగుల పొడవున ఒకే అర వేసే బదులు, మధ్యలో ఒక నిలువు చెక్క పెట్టి రెండడుగుల చొప్పున రెండు అరలు చేస్తే సమస్యే రాదు.

వడ్రంగి మేస్త్రితో చేయిస్తే ఇంకో లెక్క పనికొస్తుంది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న ఒక్క 18 మిల్లీమీటర్ల షీటులో 60x45 సెంటీమీటర్ల అరలు నాలుగు, మూడడుగుల పక్క చెక్కలు రెండు వచ్చేస్తాయి. ఇంకా అడుగు వెడల్పు ముక్క మిగులుతుంది. అంటే ఒక స్టీరియో ర్యాక్‌కి ఒక్క షీటు చాలు. ఎస్టిమేట్‌లో రెండు షీట్లు రాస్తే ఎందుకో అడగొచ్చు.

కడప బండ, గ్రానైట్, గ్లాస్.. ఏది ఎక్కడ?

మన వంటింటి అరల్లో కడప బండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అయితే విదేశాలకూ వెళ్తోంది. రాయికి మన దగ్గర కరువు లేదు. ఆడియో ర్యాక్‌లో దీని వాడకం కూడా ఉంది. బరువైన పలక మీద టర్న్‌టేబుల్ పెడితే చిన్న చిన్న కుదుపులకు అది చలించదు.

పైగా ఇది చవగ్గా దొరికే దారి కూడా ఉంది. గ్రానైట్ షాపుల్లో కిచెన్ ప్లాట్‌ఫాం మీద సింక్ కోసం కోసి తీసిన ముక్కలు మిగిలిపోతుంటాయి. అవి చాలాసార్లు టర్న్‌టేబుల్‌కి సరిపోయే సైజులోనే ఉంటాయి. అంచులు పాలిష్ పట్టించుకుంటే సరిపోతుంది.

అయితే రాయి విషయంలో రెండు జాగ్రత్తలు. ఒకటి బరువు. 60x45 సెంటీమీటర్ల 18 మిల్లీమీటర్ల గ్రానైట్ పలక దాదాపు 13 కిలోలు తూగుతుంది. అదే కొలత ప్లైవుడ్ మూడు కిలోల పైచిలుకే. నాలుగు అరలకీ రాయే వేస్తే ఖాళీ ర్యాకే 50 కిలోలు దాటుతుంది. పార్టికల్ బోర్డు యూనిట్ మీద గ్రానైట్ పెట్టడం అసలే వద్దు. రెండు, రాయి వంగదు.. ఒకేసారి విరుగుతుంది. చెక్క వంగి ముందే హెచ్చరిస్తుంది, రాయి ఆ అవకాశం ఇవ్వదు. కాబట్టి రెండు చివర్ల మీద మాత్రమే ఆనించకుండా కింద ప్లైవుడ్ గానీ, ఇనుప ఫ్రేమ్ గానీ ఉండాలి. పలకకు, ఫ్రేమ్‌కు మధ్య రబ్బరు ముక్కలు పెడితే రాయి గణగణమని మోగడం కూడా తగ్గుతుంది.

గ్లాస్ ర్యాక్‌లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాడితే టఫెన్డ్ గ్లాసే వాడాలి. పగిలినా పదునైన పెంకులు కాకుండా చిన్న చిన్న పలుకులవుతుంది. కానీ దానికి రంధ్రాలు వేయడం, సైజు కోయడం తర్వాత కుదరదు. అంచుకు చిన్న దెబ్బ తగిలినా మొత్తం పలక ఒక్కసారిగా రాలిపోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో అది ఆలోచించాల్సిన విషయమే.

ఇనుప ఫ్రేమ్.. వెల్డింగ్ షాపులో అయిపోయే పని

బరువు, గాలి.. రెండూ కుదరాలంటే ఇనుప ఫ్రేమ్, ప్లైవుడ్ అరల జోడీ చక్కగా సరిపోతుంది. అంగుళం స్క్వేర్ పైపుతో నాలుగు కాళ్లు, అడ్డపట్టీలు వెల్డింగ్ చేయించి, పౌడర్ కోటింగ్ వేయిస్తే పక్కలు, వెనక అంతా గాలే. ఖాళీ పైపు కొడితే మోగుతుంది కాబట్టి కాళ్లలో బాగా ఎండిన ఇసుక నింపి మూత వేయిస్తారు కొందరు. మోత తగ్గుతుంది, బరువు పెరిగి ర్యాక్ కదలకుండా నిలుస్తుంది. కాళ్ల కింద తిప్పి ఎత్తు సరిచేసుకునే బోల్టులు మాత్రం తప్పకుండా పెట్టించాలి. ఏ నేలా పూర్తి సమతలంగా ఉండదు.

షాపుల్లో సరుకు పెట్టుకునే రంధ్రాల యాంగిల్ ర్యాక్ కూడా వాడొచ్చు. అరల ఎత్తు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. రేకు అర మోగకుండా పైన ఒక ప్లైవుడ్ పలక వేస్తే చాలు. వైర్లు పోయే చోట ఇనుప అంచు తొడుగును కోయకుండా రబ్బరు బుష్ పెట్టడం మర్చిపోకూడదు.

టర్న్‌టేబుల్: విదేశీ సలహా మన నేలకు సరిపోతుందా?

రికార్డు గాడిలో పాట మైక్రాన్ల స్థాయి మెలికల్లో దాగి ఉంటుంది. వెంట్రుక మందం కంటే సన్నటి ఆ మెలికలను ముల్లు చదువుతుంది. దానికి పాట కదలిక, ర్యాక్ కదలిక అన్న తేడా తెలియదు. ఏది కదిలినా పాటలో కలిపేస్తుంది. అందుకే టర్న్‌టేబుల్ అరకు అంత ప్రాముఖ్యం.

ఇంటర్నెట్‌లో దీని గురించి వెతికితే రెండు సలహాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి, టర్న్‌టేబుల్‌ను గోడకు బిగించిన అర మీద పెట్టమని. రెండోది, ర్యాక్ కాళ్లకు మేకుల్లాంటి స్పైక్‌లు పెట్టమని. ఈ రెండూ ఎక్కడ పుట్టాయో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. అమెరికా, బ్రిటన్‌లలో చాలా ఇళ్లకు చెక్క దూలాల మీద పరిచిన చెక్క నేల ఉంటుంది. మనిషి నడిస్తే నేల ఊగుతుంది, ముల్లు గెంతుతుంది. అందుకే గోడ మేలన్నారు. అక్కడ నేల మీద మందపాటి కార్పెట్ ఉంటుంది. దాన్ని దాటుకుని కింది గట్టి నేలను పట్టుకోవడానికి స్పైక్‌లు పెట్టారు.

మన ఇళ్లలో కాంక్రీట్ శ్లాబు, దాని మీద టైల్స్ లేదా మార్బుల్. నడిస్తే ఊగే నేల కాదు. కాబట్టి గట్టి ర్యాక్ ఉంటే గోడ అర అక్కర్లేదు. స్పైక్‌ల వల్ల టైల్‌కి చిల్లు పడటం, మార్బుల్‌కి గీత పడటం తప్ప ఒరిగేది తక్కువ. వాటి బదులు రబ్బరు కాళ్లు చాలు. ఇక్కడి నుంచి అమెరికా వెళ్లి, చెక్క ఇంట్లో రికార్డులు వింటున్న తెలుగువాళ్లకు మాత్రం ఆ గోడ అర సలహా అక్షరాలా పనికొస్తుంది.

మన దగ్గర అసలు ఇబ్బంది నేల నుంచి కాదు, స్పీకర్ నుంచి వస్తుంది. టర్న్‌టేబుల్, స్పీకర్లు ఒకే బల్ల మీద పెడితే స్పీకర్ అదురు బల్ల ద్వారా ముల్లుకు చేరుతుంది. ముల్లు దాన్ని మళ్లీ ఆంప్లిఫైయర్‌కి పంపుతుంది. వాల్యూమ్ పెంచగానే 'బుమ్మ్..' మని హోరు మొదలవుతుంది. దీనికి ఖరీదైన ర్యాక్ మందు కాదు. స్పీకర్లను ఆ బల్ల మీంచి తీసి వేరే స్టాండ్ల మీద పెట్టడమే మందు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

అప్పటికీ అదురు తగ్గకపోతే పైన చెప్పిన రాతి పలక కింద నాలుగు మూలలా మెత్తటి రబ్బరు ప్యాడ్లు పెట్టాలి. వాషింగ్ మెషీన్ కాళ్ల కింద పెట్టే ప్యాడ్లతో మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాత మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి, అటూ ఇటూ సమంగా ఉందో లేదో చూసుకోవాలి. టర్న్‌టేబుల్ వాలి ఉంటే ముల్లు ఒకవైపే ఒరిగి పాటా చెడుతుంది, రికార్డూ అరుగుతుంది. ఇంకో సంగతి.. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్లిఫైయర్‌కి టర్న్‌టేబుల్ మరీ దగ్గరగా ఉంటే గుయ్యిమనే శబ్దం వస్తుంది. రెండింటి మధ్య ఒక అర ఎడం ఇస్తే మంచిది.

రికార్డుల బరువు తక్కువ అంచనా వేయొద్దు

ర్యాక్‌లో ఆంప్లిఫైయర్ కంటే బరువైనవి తరచూ రికార్డులే. నిలువుగా నిలబెట్టిన ఎల్‌పీలు అడుగు వెడల్పుకు 16 కిలోల పైనే ఉంటాయి. నాలుగడుగుల అర నిండిందంటే 65 కిలోలు.. ఒక మనిషి ఎక్కి నిలబడినట్టే. అందుకే రికార్డుల అర ఎప్పుడూ అన్నిటికంటే కింద ఉండాలి. మధ్యమధ్యలో నిలువు అడ్డలు ఉండాలి. ఎల్‌పీ అట్ట 31 సెంటీమీటర్ల పైన ఉంటుంది కాబట్టి అర లోపలి ఎత్తు 34, 35 సెంటీమీటర్లు పెట్టించాలి.

రికార్డులను ఒకదానిపై ఒకటి దొంతర పెట్టకూడదు, ఒరగబెట్టకూడదు. ఎండ పడే కిటికీ పక్కన, ఆంప్లిఫైయర్ పైన అసలే వద్దు. వేడికి వినైల్ మెత్తబడి వంకర తిరుగుతుంది. అమ్మమ్మ ఇంటి నుంచి తెచ్చిన రికార్డు ఒకసారి వంగితే దాన్ని మళ్లీ మామూలుగా చేయడం చాలా కష్టం.

పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి

ఎత్తైన ర్యాక్‌ను పిల్లలు మెట్లలా ఎక్కేస్తారు. బరువంతా కింద ఉన్నా సరే, మూడడుగులు దాటిన ర్యాక్‌ను ఎల్ క్లాంపులతో గోడకు బిగించాలి. గోడ రకాన్ని బట్టి మేకు మారుతుంది. ఎర్ర ఇటుక, కాంక్రీట్ గోడలకు మామూలు రావల్ ప్లగ్ సరిపోతుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో తేలికపాటి ఏఏసీ బ్లాకుల గోడైతే వాటి కోసమే చేసిన ప్లగ్గులు అడిగి తీసుకోవాలి. మామూలువి ఊడి వచ్చేస్తాయి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద కాకుండా ర్యాక్ వెనక కాస్త ఎత్తులో బిగిస్తే తడిగుడ్డ భయం ఉండదు. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే ఇవ్వాలన్నది చెప్పనక్కర్లేదు.

కొనే ముందు, చేయించాక ఈ పరీక్షలు

- ర్యాక్ పై మూలను పట్టుకుని మెల్లగా పక్కకు ఊపాలి. ఊగితే వెనక మూలకు మూల ఒక ఇనుప పట్టీ వేయించాలి.
- అర మీద గిన్నెలో నీళ్లు పెట్టి పాట పెట్టాలి. బేస్ వచ్చినప్పుడల్లా నీళ్లలో అలలు లేస్తే అక్కడ టర్న్‌టేబుల్ పెట్టకూడదు. పరీక్ష అయ్యాకే కింది అరల్లో సామాన్లు సర్దాలి.
- ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు ఆనించి, వాల్యూమ్ తక్కువలో ఉంచి అరను వేలితో మెల్లగా తట్టాలి. స్పీకర్‌లో 'దబ్' మని గట్టిగా వినిపిస్తే అదురు చేరుతోందన్నమాట.
- గంట సేపు పాటలు విన్నాక అర లోపల చెయ్యి పెట్టి చూడాలి. గదిలో గాలికి, అక్కడి గాలికి బాగా తేడా ఉంటే తలుపు తీసేయడమే మేలు.

మొత్తానికి ఖరీదైన ర్యాక్ కంటే సరైన ర్యాక్ ముఖ్యం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒకటి, వెల్డింగ్ షాపులో చేయించిన ఫ్రేమ్ ఒకటి, గ్రానైట్ షాపులో మిగిలిన సింక్ ముక్క ఒకటి.. చాలామంది ఇంటికి ఇంతకు మించి అక్కర్లేదు. ఇవేవీ కుదరని వాళ్లు కూడా ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది. టీవీ యూనిట్ గ్లాస్ డోర్ తెరిచి, ఆంప్లిఫైయర్ మీద పెట్టిన సామాన్లు పక్కకు తీయడం. దానికి పైసా ఖర్చు లేదు.. ఈ ఎండాకాలం పాట మధ్యలో ఆగే బాధా ఉండదు.